దొంతులకోన కట్ట మీద

నీళ్ళు దూకుతున్నాయి. రెండు కొండల నడుమ అడ్డంగా పేర్చిన నల్లరాతి కట్టకి దక్షిణపు కొసన, కలుజు మీదుగా, చెరువు తనలో పట్టనివన్నీ బయటికి నెట్టేస్తుంటే ఆ నీళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ కిందికి దూకుతున్నాయి, పడ్డచోట తెల్లగా విరిగి పొగలా పైకి లేస్తున్నాయి, ఆ పొగలో తడుస్తూ జనం చేతులు చాపి, నోళ్ళు బార్లా తెరిచి ఏదో అరుస్తున్నారు, ఒకాయన ఈల కూడా వేస్తున్నాడు, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు కాబట్టి అది ఈలే అయుండాలి. పద్మనాభయ్యకి ఇందులో ఏదీ వినపడలేదు. కట్ట మీద ఒక రాతిపలక చూసుకుని కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని, అన్ని నీళ్ళు అంత ఎత్తు నుంచి దూదిలాగా రాలుతుంటే చూస్తున్నాడు. ఇన్ని నీళ్ళు ఇంత నెమ్మదిగా పడతాయా? పడవు. పడవని ఆయనకి తెలుసు. కాళ్ళ కింద రాయి సన్నగా అదురుతోంది, రైసుమిల్లులో ఇంజను తిప్పగానే గచ్చు అదిరినట్టే. చప్పుడు అరికాళ్ళ దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది, పైకి రావడం లేదు.

ముప్పై ఏళ్ళు ఆ ఇంజను తోలాడు, అల్లూరులో ముత్యాలయ్య మిల్లులో. చెవులు ఒక్కరోజులో పోలేదు. ముందు కీచురాళ్ళు పోయాయి. రాత్రిళ్ళు ఏదో వెలితిగా ఉందేంటా అనుకున్నాడు గానీ ఏమిటో తట్టలేదు. తర్వాత పక్కగదిలో ఫోను మోగడం పోయింది, చెంబులో నీళ్ళు నిండే చప్పుడు పోయింది, ఆడవాళ్ళ మాటలు పోయాయి, ఆనక మగవాళ్ళవీ పోయాయి, ఆఖరికి వెనకనుంచి వచ్చే బస్సు హారను కూడా పోయాక కొడుకు హరినాథ్ ఆయన్ని సైకిలు ఎక్కనివ్వడం మానేశాడు. ఒక్కొక్కటీ చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాయి, పెళ్ళి భోజనాలయ్యాక చుట్టాలు వెళ్ళిపోయినట్టు. భార్య పెంచలమ్మ గొంతు ఎప్పుడు వెళ్ళిపోయిందో మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తురాదు. ఆఖరుసారి ఏం మాట విన్నాడో. "అన్నం పెట్టేదా" అన్నదేమో. "గొడుగు మర్చిపోయినావు" అన్నదేమో. అదే ఆఖరుదని తెలిసుంటే ఇంకోసారి అనమని అడిగుండేవాడు.

ఈ కట్ట గురించి మాత్రం చెవులు బాగున్నప్పుడే విన్నాడు. నాయన చెప్పేవాడు. అల్లూరుకి అవతల, సముద్రపు గాలి కొట్టే చోట, కాలవకి చిట్టచివరన ఉన్న ఎకరా వరికయ్యకి నీళ్ళు ఎప్పుడూ అందరి తర్వాతే వచ్చేవి. నాట్లప్పుడు నాయన పార భుజాన వేసుకుని గట్టు మీద నిలబడి పడమటి దిక్కు చూస్తూ ఉండేవాడు. "ఆ కొండల్లో దొంతులకోన అని చెరువుండాది రా. ఏ రాజు కట్టించినాడో ఎవురికీ తెలవదు. సున్నం లేదు, గార లేదు, రాయి మీద రాయి, అంతే. అది నిండి కలుజు పారిందా, ఆ వాగు పోయి పెన్నలో పడతాది, పెన్న సంగం కాడికొస్తాది, సంగం నించి మన కాలవ. ఇంక మనం ఎవురి కాళ్ళూ పట్టుకోబన్లేదు." అంతా కళ్ళతో చూసొచ్చినట్టు చెప్పేవాడు గానీ నాయన ఈ చెరువుని చూడనేలేదు. సంగం దాటి పడమటికి పోయిన మనిషే కాదు. ఇప్పుడు ఆ కయ్య చుట్టూ రొయ్యల గుంటలు వచ్చాయి, కయ్య మాత్రం అలాగే ఉంది, ఏటా వరే వేస్తున్నారు. మొన్న తుపాను వానలకి దొంతులకోన కలుజు పారుతోందని, చూడ్డానికి జనం కార్లు కట్టుకుని పోతున్నారని హరినాథ్ ఫోనులో బొమ్మ చూపించాడు. పద్మనాభయ్య ఆ ఫోను చాలాసేపు వెనక్కివ్వలేదు. హరినాథ్ కృష్ణపట్నం పోర్టులో పని చేస్తాడు, ఆదివారం ఒక్కటే సెలవు. ఆ ఆదివారాన్ని తండ్రికిచ్చాడు. పొద్దున్నే నలుగురూ కారెక్కారు, సంగం బ్యారేజీ దగ్గర ఆగి టీ తాగారు, ఎర్రటి నీళ్ళు గేట్లలోంచి ఉరికిపోతుంటే పద్మనాభయ్య రెయిలింగు పట్టుకుని వంగి చూశాడు, పెంచలమ్మ వెనకనుంచి ఆయన చొక్కా పట్టుకుంది, పడతాడని.

కొడుకూ కోడలూ కలుజు కిందికి దిగారు, ఫొటోలు తీసుకోవడానికి. కోడలు వినీల మెట్టు మెట్టుకీ ఆగి వెనక్కి తిరిగి మామగారి వైపు చెయ్యి ఊపుతోంది. మంచి పిల్ల. పెళ్ళయి ఇంటికొచ్చి రెండేళ్ళయింది, పోయిన వారం దాకా ఆ పిల్ల గొంతెలా ఉంటుందో ఆయనకి తెలియదు. నెల్లూరులో చెవి మిషన్ల షాపుకి పట్టుబట్టి తీసుకుపోయింది ఆ పిల్లే. గాజుగదిలో కూర్చోబెట్టి, వేరుసెనగ గింజంత దాన్ని చెవి వెనక తగిలించి, సన్నటి గొట్టం లోపలికి దూర్చగానే, "మామయ్యా, ఇనపడతా ఉందా?" అన్న గొంతు వచ్చింది, కొత్త గాజుల మోతలాగా. ఎవరు మాట్లాడారా అని చుట్టూ చూశాడు. వినీల నవ్వుతోంది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటోంది. అక్కడిదాకా బాగానే ఉంది. షాపు తలుపు తీసుకుని ట్రంకురోడ్డు మీదికి రాగానే ఊరు ఊరంతా ఆయన చెవిలోకి దూకింది. ఆటోలు, లారీలు, ఎవడో మైకులో చీరల తగ్గింపు ధరలు, ఇనప షట్టరు ఒకటి కిందికి లాగారు, అది ఆయన పళ్ళ మీదనుంచి లాగినట్టే అయింది. రెండు చేతులతో చెవులు మూసుకుని రోడ్డు మీదే కూలబడ్డాడు. అక్కడే మిషన్ను తీసేసి, ఇంటికి వచ్చాక డబ్బాలో పెట్టి, "వద్దమ్మా, నాకొద్దు, నేనిట్టనే బాగుండా" అన్నాడు. ఆయనకి వింతగా ఉన్నది ఒకటే, పెంచలమ్మ ఒక్క సైగైనా చెయ్యలేదు, పెట్టుకోమనీ లేదు, వద్దనీ లేదు. ఇవాళ కారెక్కబోతుంటే వినీల ఆ డబ్బాని ఆయన చొక్కా జేబులో వేసి, పైన ఒకసారి తట్టి, మీ ఇష్టం అన్నట్టు అరచెయ్యి చూపించింది.

ఇప్పుడు ఆ జేబు బరువుగా ఉంది. ఎదురుగా నీళ్ళు మాట్లాడకుండా దూకుతున్నాయి. నాయన చూడని నీళ్ళు. ఇంత దూరం వచ్చి వీటిని కూడా మూగవాటిలాగా చూసిపోవడమా అనిపించింది. పెంచలమ్మ ఆయనకి ఎడమపక్కన ఒక అడుగు ఎడంలో కూర్చుని, సంచిలోంచి స్టీలు డబ్బాలు తీసి ఒకదాని పక్కన ఒకటి పెడుతోంది, పెదవులు ఎప్పటిలాగానే కదులుతున్నాయి. ఆ పెదవుల కదలిక ఆయనకి అలవాటు. ఏదో గొణుక్కుంటుంది, ఎప్పుడూ అంతే, కూరగాయలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, బస్సులో, నడవలో. సణుగుడు అనుకుంటాడు. చెవిటివాడితో కాపురం, సణగక ఏం చేస్తుంది. ఆమె చూడకుండా డబ్బా మూత తీశాడు. పెట్టుకుంటున్నానని తెలిస్తే అందరూ చుట్టూ మూగుతారు, ఇది ఇనపడిందా, అది ఇనపడిందా, బడిలో ఒకట్లు చెప్పే పిలకాయని చేసి నిలబెడతారు. తలకి చుట్టిన తువ్వాలు సర్దుకుంటున్నట్టు కుడిచెయ్యి పైకెత్తి, షాపులో నేర్పినట్టే కుడిచెవి వెనక తగిలించి, గొట్టం లోపలికి నెట్టి, తువ్వాలు కిందికి లాక్కున్నాడు.

ముందు తువ్వాలు గరగర. తర్వాత ఏదో బుస. తర్వాత, అమ్మో, నీళ్ళు. ఒక్కసారిగా వచ్చి మీదపడతాయేమోనని భుజాలు బిగబట్టాడు గానీ మీదపడలేదు, చుట్టూ నిలబడ్డాయి. ఇది మిల్లు చప్పుడు కాదు. మిల్లుది ఒకటే మోత, పొద్దున్నించి సాయంత్రం దాకా తలలో మేకు దిగ్గొట్టినట్టు. ఇది ఒకటి కాదు. అడుగున ఎక్కడో లావుపాటిది ఒకటి, ఉరుము ఆగకుండా దొర్లుతున్నట్టు, దాని మీద వడ్లు చేట నుంచి జారినట్టు ఒకటి, ఆ పైన చినుకులు చినుకులుగా ఇంకొకటి, అన్నిటికీ పక్కన, కట్ట రాళ్ళ సందుల్లో చెరువు నీళ్ళు వచ్చి తగిలి వెనక్కి పోతూ చేసే గుటకల్లాంటి చిన్న చిన్న చప్పుళ్ళు. ఎన్ని ఉన్నాయి ఇందులో! నీళ్ళు ఇప్పుడు నెమ్మదిగా పడటం లేదు. చప్పుడు రాగానే వాటికి వేగమూ వచ్చింది, బరువూ వచ్చింది. ఈలాయన ఈల వేశాడు. అది ఈలే! పద్మనాభయ్యకి నవ్వొచ్చింది, పెదవులు బిగించుకున్నాడు. కొండ మీద ఏదో పిట్ట అరిచింది, అరిచి, జవాబు రాక మళ్ళీ అరిచింది. నాయనా, పారతా ఉండాది, నువ్వు చెప్పినట్టే రాయి మీద రాయి, ఆ సందుల్లో నీళ్ళు మాట్లాడతా ఉండాయి, ఈ మాట నువ్వు చెప్పలేదే, నీకూ తెలవదు గదా.

"ఉప్పు తక్కువైంది."

ఎవరో ఆడమనిషి. కాస్త బొంగురుగా, లావుగా ఉంది గొంతు. మొక్కజొన్న కంకులు అమ్మే ఆమె వచ్చి పక్కన కూర్చుందేమోనని ఓరగా చూశాడు. ఎవరూ లేరు. పెంచలమ్మ నిమ్మకాయ అన్నం రుచి చూసి వేళ్ళు నాక్కుంటోంది.

"తక్కువైనా నువ్వు చెప్పవు, ఎక్కువైనా చెప్పవు. ఏం పెట్టినా తింటావు. ఇంకో మొగుడైతే గిన్నె ఎత్తి కొట్టుండును."

ఆ మాటలు పెంచలమ్మ పెదవుల మీదే కదిలాయి. ఆయనకి గుర్తున్న పెంచలమ్మ గొంతు పలచనిది, మాట చివర కొస ఎత్తి పలికేది, గేటు దగ్గర నిలబడి పిలిస్తే మిల్లు దాకా వచ్చేది. ఈ గొంతు ఎవరిది? ఆమె జుట్టు నెరవడం చూశాడు, చేతుల మీద నరాలు తేలడం చూశాడు, నడుము కాస్త వంగడం చూశాడు, రోజూ చూస్తూనే ఉన్నాడు, కానీ గొంతుకి వయసొస్తుందని ఆయనకి తోచనేలేదు. అది ఆయన తలలో ఎక్కడో అలాగే పడుచుగా కూర్చుని ఉంది. ఆయన లేని చోట ఒంటరిగా ముసలిదైపోయింది. మరుక్షణమే ఆ బొంగురు గొంతు ఎంత బాగుందో అనిపించింది, బాగా కాగిన బెల్లంపాకంలాగా.

"చూడయా ఎట్టా దూకతా ఉండాయో. నీ కోడలు చూడు, చెప్పులు చేతిలో పట్టుకోని ఎట్టా ఎగరతా ఉందో. వాడు చూడు, ఫోను తడస్తదని చొక్కాలో దాచిపెట్టినాడు, పెళ్ళాం తడిస్తే పర్లేదంట. నీ కొడుకే. మీ నాయన గూడా అంతే, గొడుగు తడస్తదని చంకలో పెట్టుకోని వానలో నడిచొచ్చే మడిసి. మీ వంశమే అంత."

ఇది సణుగుడు కాదు. ఇది ఆయనతో మాట్లాడటం. ముఖం నీళ్ళ వైపే ఉంది, చేతులు డబ్బాల మీద ఉన్నాయి, మాటలు మాత్రం నేరుగా ఆయన కోసమే వస్తున్నాయి. తిప్పి చూస్తే ఆగిపోతాయేమోనని పద్మనాభయ్య మెడ కదపలేదు. ఇన్నేళ్ళూ ఆ కదిలే పెదవుల్లో ఇదేనా ఉన్నది? చిక్కుళ్ళు ఒలుస్తున్నప్పుడు, దీపాలు పెడుతున్నప్పుడు, ఆయన వీపు మీద నూనె రాస్తున్నప్పుడు? ఎన్ని సాయంత్రాలు ఆమె ఇలా చెబుతుంటే తను గోడ మీద బల్లిని చూస్తూ కూర్చున్నాడు? మొదట్లో ఆమె అరిచేది, అది గుర్తుంది, మెడ నరాలు ఉబ్బేలా అరిచేది, ఒకరోజు పక్కింటి వాళ్ళు గోడ మీదనుంచి తొంగి చూశారు, మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటున్నారనుకుని. ఆ తర్వాత అరవడం మానేసింది. మాట్లాడటమే మానేసిందనుకున్నాడు తను.

"మిషనొద్దన్నావు," అంది పెంచలమ్మ. గొంతు తగ్గింది. నీళ్ళ చప్పుడులో మాట మునిగిపోతుందేమోనని ఆయన కాస్త అటు ఒరిగాడు, నడుము సర్దుకుంటున్నట్టు. "ఆ బిడ్డ ఆ రోజంతా మొకం చిన్నబుచ్చుకునింది. పెట్టుకోమని నేనొక్క మాట చెప్తే పెట్టుకుందువు. తెలుసు నాకు. చెప్పలా. ఎందుకో చెప్పేదా? నువ్వు ఇంటే ఇంక నేను చెప్పలేనయా. అన్నీ చెప్పుకున్నా నీకు. నోటికొచ్చింది వచ్చినట్టు. నీకు ఇనపడితే సిగ్గు రాదా? ఇప్పుడు ఎవురికి చెప్పుకోవాల?" ఒక డబ్బా మూత నొక్కి పెట్టింది. "మిషను కుదరాలని మొక్కుకున్నా. కుదరకపోతే బాగుండునని గూడా అనుకున్నా. రెండూ అనుకున్నా. దేవుడు ఏది ఇన్నాడో ఏమో."

చెప్పెయ్యాలి. ఇప్పుడే తువ్వాలు తీసి చూపించెయ్యాలి. ఇది దొంగతనం, పక్కింటి కిటికీ దగ్గర చెవి పెట్టి వినడం లాంటిది. కానీ చూపిస్తే ఈ గొంతు ఆగిపోతుంది, ఆమే చెప్పింది ఆగిపోతుందని. దొరక్క దొరక్క దొరికింది, ఇంకొక్క మాట, ఇంకొక్క మాట విని చూపిస్తాను. నీళ్ళు దూకుతూనే ఉన్నాయి. కొండ మీద పిట్టకి ఇప్పుడు అవతలి కొండ నుంచి ఇంకొక పిట్ట జవాబిచ్చింది.

"బస్సులో నెల్లూరు పోయినాం గదా ఆ యేడు, గుర్తుండాదా? పక్కింటామె కూతురికి కాన్పయిందని చెప్పినా నీకు. ఇట్టా బిడ్డని ఊపినట్టు చేతులు ఊపితే నమ్మినావు, పిచ్చి మారాజువి. కాన్పూ లేదు, ఏం లేదు. నాకు రొమ్ములో గడ్డ తగిలింది. డాక్టరమ్మ కాడికి పోయినాం. అది అరిచి చెప్పే మాటా? ఇంటి ముందర నిలబడి అరిచేదా? బస్సులో పక్కన కూసోని చెప్తానే ఉన్నా, అల్లూరు నించి నెల్లూరు దాకా. భయమేస్తా ఉందయా, నేను పోతే నిన్నెవురు చూస్తారు, నీకు సైగలు ఎవురు చేస్తారు అని. నువ్వేమో వేరుసెనక్కాయలు కొన్నావు. ఒలిచి, పొట్టు ఊది, గింజలు నా చేతిలో పోస్తా ఉన్నావు. నేను చెప్తా ఉండా, నువ్వు పోస్తా ఉండావు. గుప్పిలి నిండిపోయింది. ఇంక చాలు, ఏదైతే అదవనీ అనిపిచ్చింది."

గుర్తుంది. ఎందుకు గుర్తుండదు? ఆమె చాలాసేపు లోపల ఉంది, ఆయన బయట వేపచెట్టు కింద సంచి పట్టుకుని నిలబడ్డాడు, ఇంతసేపా కాన్పు బిడ్డని చూడ్డం అనుకున్నాడు. వచ్చాక ఆమె ముఖం వెలిగిపోతూ ఉంది. బిడ్డ అంత బాగున్నట్టుంది అనుకున్నాడు. ఆ ముఖం చూసి ఆయనకీ హుషారొచ్చి బజారుకి తీసుకుపోయి నెమలికంఠం రంగు చీర కొన్నాడు. తిరుగు బస్సులో ఆమె ఆగకుండా నవ్వింది, చీర నచ్చిందనుకున్నాడు.

"ఏం లేదు, కొవ్వు గడ్డంతే అనింది డాక్టరమ్మ. చీర కొన్నావు నువ్వు. ఎందుకు కొంటా ఉండావో నీకే తెలవదు."

పద్మనాభయ్య కళ్ళలో నీళ్ళు నిండాయి. కలుజు తుంపర ఇక్కడి దాకా వస్తోంది, అదే అనుకుంటుంది ఆమె. చేతుల్ని మోకాళ్ళ మధ్య బిగించాడు. ఆ గడ్డ మాట ఇప్పుడు విన్నాడు, విన్న నిమిషంలోనే ఏమీ లేదన్న మాటా విన్నాడు, ఆమె ఇంత దగ్గర కూర్చుని వేళ్ళు నాక్కుంటోంది, బతికి ఉంది, ఉప్పు తక్కువైందంటోంది. భయం వచ్చిన దారినే పోయి, దాని వెనక సంతోషం ఎంత గట్టిగా వచ్చిందంటే ఆయనకి లేచి నిలబడి ఆ ఈలాయనలాగా ఈల వెయ్యాలనిపించింది.

"అది పోనీలే. ముత్యాలయ్య కొత్తింటికి పోయినాం గదా మొన్న, దాని సంగతి నీకు చెప్పనేలేదు. నువ్వు మొకం మాడ్చుకోని వచ్చి ముసుగేసినావు, నాకు నవ్వాగలా."

ఆ గృహప్రవేశం. అక్కడ ఏం జరిగిందో ఆయనకి బాగా తెలుసు. అందరూ తనని చూసి నవ్వారు. గుమ్మం దగ్గర గుంపు, ఏదో ఆగిపోయినట్టుంది, ఎవరూ సైగ చేసి చెప్పలేదు. ఆవు పడి ఉంది. పాపం, నోరులేనిది, దాన్ని అంతమంది పట్టి లాగుతుంటే చూడలేక దేవుడి ముందున్న పళ్ళెంలోంచి అరటిపండు తీసి దానికి చూపించాడు. అంతే, అందరూ ఒక్కసారిగా తనవైపు తిరిగి పడీపడీ నవ్వారు, చప్పట్లు కొట్టారు, పంతులు కూడా నవ్వాడు. దేవుడి పళ్ళెంలో పండు తీసి గొడ్డుకి పెట్టిన తిక్క చెవిటోడు. విస్తరి ముందు కూర్చున్నాడన్నమాటే గానీ మెతుకు దిగలేదు. ఇంక ఏ ఫంక్షనుకీ పోకూడదని ఆ రోజే అనుకున్నాడు.

"ముత్యాలయ్య అంతా అద్దంలాటి బండలు పరిపిచ్చినాడా, ఆవు ముందుకాళ్ళు లోపల పెట్టింది, జర్రున జారింది, గడప మీద కూలబడింది. ముందు సగం ఇంట్లో, వెనక సగం వీధిలో. ఎవురు లాగినా లేవదు. పంతులేమో ముహూర్తం దాటిపోతా ఉందని గొంతు చించుకుంటా ఉండాడు. ముత్యాలయ్య పెళ్ళాం ఏమనిందో తెలుసునా? 'పంతులుగారూ, ముందు సగం వచ్చింది గదా, సగం గృహప్రవేశం అయినట్టేనా?' అనింది. ఆయన తల గోక్కోని, 'అమ్మా, అట్టయితే మీరు వంటింటి దాకా కాపురం ఉండొచ్చు, పడగ్గదికి మాత్రం మళ్ళీ ముహూర్తం పెట్టాల' అన్నాడు!"

పద్మనాభయ్య పెదవులు లోపలికి మడిచి పళ్ళతో బిగించాడు. పెంచలమ్మ పంతులు గొంతు పెట్టింది, ముత్యాలయ్య పెళ్ళాం గొంతు పెట్టింది, ఆవు జారినట్టు అరచెయ్యి డబ్బా మూత మీద జర్రున జార్చింది. ఇంత బాగా చెబుతుందా ఇది!

"అప్పుడు నువ్వు వస్తివి. ఎవురితోనూ మాట ల్యా, పలుకు ల్యా. అరటిపండు తీసినావు, దాని మూతికి చూపిచ్చినావు, ఎనక్కెనక్కి నడిచినావు. అది లేచింది! పెళ్ళికూతురు నడిచినట్టు తల వంచుకోని నీ యెనకాలే హాల్లోకి నడిచింది. అందరూ చప్పట్లు. ముత్యాలయ్య ఏడ్చినంత పని చేసి, 'ఇన్నేళ్ళు నా మిల్లు నడిపినావు, ఇప్పుడు నా ఆవును నడిపినావు అన్నా' అని నీకు దండం పెట్టినాడు. నువ్వేమో ఆయన్ను ఎర్రగా ఒక చూపు చూసినావు. పంతులు, 'చూసినారా, తపస్సులో ఉండే మడిసి, పొగడ్తకి పొంగడు' అన్నాడు! ఊరంతా నిన్ను మెచ్చుకుంటా ఉంటే నువ్వు పోయి మూలన కూసోని జిలేబీని..."

అంతవరకే. పద్మనాభయ్య లోపలనుంచి నవ్వు తన్నుకొచ్చింది. అణచబోతే ముక్కులోంచి వచ్చింది, ఆపైన నోట్లోంచి, ఆపైన ఒళ్ళంతా. ముందుకి వంగి మోకాళ్ళు చరుచుకుంటూ నవ్వాడు. తన నవ్వు తనకే వినపడింది, ఎన్నేళ్ళ తర్వాతో, గాడిద ఓండ్రపెట్టినట్టుంది, అది విని ఇంకా నవ్వాడు. తపస్సులో ఉన్న మనిషట! తువ్వాలు జారి భుజం మీద పడింది.

నవ్వు ఆగాక పక్కకి చూశాడు. పెంచలమ్మ జిలేబీ దగ్గర ఆగిపోయిన నోటితో అలాగే చూస్తోంది. ఆమె చూపు ఆయన ముఖం మీదనుంచి చెవి మీదికి పోయింది.

"ఎప్పుడు పెట్టుకున్నావు?"

"ఇందాక. నువ్వు డబ్బాలు తీస్తా ఉన్నప్పుడు."

"అంతా ఇన్నావా?"

అబద్ధం ఆడొచ్చు. ఆవు కథ ఒక్కటే విన్నానని చెప్పొచ్చు. "ఉప్పు తక్కువైంది కాడ్నించి," అన్నాడు.

పెంచలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది. మెడ వెనక ఎర్రబడింది, పెళ్ళి నాడు పీటల మీద ఎర్రబడ్డట్టే. ఇంక మాట లేదు. నీళ్ళు దూకుతున్నాయి, పిట్టలు అరుచుకుంటున్నాయి, ఈల వినపడుతోంది, అన్నీ ఉన్నాయి, ఆ ఒక్క గొంతు లేదు. కట్ట రాళ్ళు ఒకదాని మీద ఒకటి సున్నం లేకుండా నిలబడ్డాయి, ఏది కదిపితే ఏది జారుతుందో తెలియదు, తను ఏదో కదిపేశాడు. ఏం చెయ్యాలో తోచక చెవి వెనకనుంచి మిషన్ను తీశాడు. నీళ్ళు మళ్ళీ దూది అయిపోయాయి. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆమె ముందుకి చాపాడు.

"నీకొద్దంటే నాకూ వద్దు పెంచలా. నువ్వు చెప్పుకునే మాటల కన్నా నాకిది ఎక్కువ కాదు. ఇన్నా ఇనకున్నా నాకే గదా చెప్తావు."

ఆమె ఇటు తిరిగింది. ఆయన అరచేతిలోకి చూసింది, ఆయన ముఖంలోకి చూసింది. పెదవులు కదిలాయి. ఆయనకి ఏమీ వినపడలేదు. ఆమె ఏదో చెబుతోంది, తొందరపడకుండా, కళ్ళలోకి చూస్తూ, మధ్యలో ఒకసారి నవ్వి, ఒకసారి ముక్కు చీది, మళ్ళీ చెబుతోంది. చాలాసేపు చెప్పింది. ఆయన ఆ పెదవుల్ని చూస్తూ కూర్చున్నాడు. ఒక్క మాటా అందలేదు గానీ ఇప్పుడది సణుగుడు కాదని తెలుసు కాబట్టి కదలకుండా, ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూశాడు.

చెప్పడం అయిపోయాక పెంచలమ్మ ఆ మిషన్ను రెండు వేళ్ళతో తీసుకుంది, పురుగేమోనన్నట్టు. ఆయన గడ్డం పట్టి తల పక్కకి తిప్పి, చెవి వెనక తగిలించబోయింది. గొట్టం వంకరగా దిగింది, కీచుమని అరిచింది. ఆమె ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. ఆయన సర్దుకున్నాడు. నీళ్ళు ఉరుముతూ తిరిగొచ్చాయి.

"ఇప్పుడు అంతసేపు ఏం చెప్పినావు?" అనడిగాడు.

"అది నీకు కాదులే," అంది పెంచలమ్మ. ఆ బొంగురు గొంతుకి చివర కొస లేచింది.

"నాకు కాక ఇంకెవురికి?"

"చెవిటాయన ఒకాయన ఉండేవాడు. ఆయనకి."

లేచి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఆయన కాళ్ళ మీదనుంచి దాటి మిషనున్న కుడిపక్కకి వచ్చి కూర్చుంది, ఆయన భుజానికి భుజం ఆనించి. కింద కలుజు దగ్గర వినీల చేతులు ఊపుతూ ఏదో అరుస్తోంది, హరినాథ్ రమ్మని సైగ చేస్తున్నాడు. ఇద్దరూ వాళ్ళ వైపు చూడలేదు.

"యాడిదాకా వచ్చినా?"

"జిలేబీ," అన్నాడు పద్మనాభయ్య.

"ఆఁ, జిలేబీ," అంది పెంచలమ్మ, "ఆ జిలేబీ నీ విస్తట్లో ఎవురు ఏసినారో తెలుసునా నీకు?"

"తెలవదు, చెప్పు," అన్నాడు.